ఫిరంగిపురం: గోడల కంటే ముందు లేచిన గుడి

అమరావతి చరిత్ర అనగానే అందరూ రెండు చోట్ల ఆగుతారు. ఒకటి ధాన్యకటకం, మహాస్తూపం. రెండోది 2015 అక్టోబరులో ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగిన రాజధాని. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లయితే మధ్యలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుణ్ని తలుచుకుంటారు. ఆయన చింతపల్లి వదిలి వచ్చి అమరావతిని కట్టించుకుంటున్న రోజుల్లో బయటపడ్డ చెక్కుడు రాళ్లను 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూసిన సంగతి చెబుతారు. అక్కడితో సరి. అమరావతికి నైరుతిగా కొండవీటి కొండల దాకా, అక్కడి నుంచి పల్నాడు దాకా పరుచుకున్న పత్తి, మిరప చేల మధ్య ఇంకో చరిత్ర ఉంది. పాటిబండ్ల, ఫిరంగిపురం, ముట్లూరు, రావిపాడు, రెంటచింతల లాంటి ఊళ్ల కతోలిక కుటుంబాల చరిత్ర అది. ఆ కుటుంబాల్లో పుట్టి, ఫిరంగిపురంలోనే బతుకుతున్న మనిషిగా దాన్ని రాయాలని నాకు చాలాకాలంగా ఉంది.

ఫిరంగిపురం గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే దారిలో, కొండవీటి కొండల చేరువలో ఉంటుంది. ఊరికి పేరు తెచ్చింది బాలయేసు దేవాలయం. 1880ల చివర మొదలై 1890ల మొదట్లో పూర్తయిన కట్టడం అది. కట్టించింది మిల్‌హిల్ సభకు చెందిన ఫాదర్ థియోడోర్ డిక్‌మన్. క్రిస్మస్ రాత్రి పూజకు జిల్లా నలుమూలల నుంచి జనం వస్తారు. వచ్చినవాళ్లు గుడి ఎత్తు చూసి, కట్టిన సంవత్సరం అడిగి, మన చరిత్ర అక్కడి నుంచే మొదలైందనుకుని వెళతారు. మా విచారణ (పారిష్) చరిత్రలు రాసినవాళ్లు కూడా చాలావరకు అదే చేశారు. ఏ గురువు ఎప్పుడు వచ్చాడు, ఏ గోడ ఎప్పుడు లేచింది అన్నదే చరిత్ర అయి కూర్చుంది. నేను చెప్పదలచింది వేరు. ఈ గోడలు లేవక ముందే ఇక్కడ వందేళ్లకు పైబడిన సంఘం ఉంది. అందులో చాలా ఏళ్లు దాన్ని నిలబెట్టింది గురువులు కాదు, రైతులూ, ఉపదేశులూ, ఆడవాళ్లూ.

మొదలు వెతకాలంటే గుంటూరు జిల్లా దాటి రాయలసీమకు వెళ్లాలి. పాండిచ్చేరి కేంద్రంగా ఫ్రెంచి జెస్విట్లు 18వ శతాబ్దపు తొలి ఏళ్లలో కర్ణాటక మిషను మొదలుపెట్టారు. ఫాదర్ మోదువీ పుంగనూరు చేరాడు. తర్వాత అనంతపురం సీమలో కృష్ణాపురం, మద్దిగుబ్బ వైపు వాళ్ల పని విస్తరించింది. మదురైలో రోబెర్తో దె నోబిలి వేసిన దారే వీళ్లదీ. కావి గుడ్డలు కట్టి, మాంసం మాని, రోమాపురి సన్యాసులమని చెప్పుకుని తిరిగారు. తెలుగును పైపైన నేర్చుకుని ఊరుకోలేదు. ఫాదర్ పియర్ దె లా లాన్ 1729 నాటికే తెలుగు వ్యాకరణం రాశాడు. ఫాదర్ గాస్తోఁ కుర్దూ అయితే తెలుగు, సంస్కృతాలు క్షుణ్ణంగా చదివి, సంస్కృతానికి లాటిన్, గ్రీకులతో ఉన్న చుట్టరికాన్ని వివరిస్తూ 1767లో ఫ్రాన్సులోని పండిత పరిషత్తుకు రాసి పంపాడు. విలియం జోన్స్ కలకత్తాలో అదే మాట చెప్పి పేరు పొందింది 1786లో. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను ‘వేదాంత రసాయనం’ అనే పద్యకావ్యంగా రాశాడు. క్రైస్తవం తెలుగు ఛందస్సులోకి, ప్రబంధ మర్యాదల్లోకి అంత తొందరగా వచ్చిందంటే ఆ నేల మీద దానికి వేరు పట్టిందనే అర్థం.

ఆ నేల మీద జ్ఞానస్నానం తీసుకున్నవాళ్లలో రెడ్డి కుటుంబాలు చాలా ఉన్నాయి. 18వ శతాబ్దం మధ్యలో వాళ్లలో కొన్ని కుటుంబాలు కదిలి తూర్పుగా కొండవీటి సీమకు వచ్చాయి. రాయలసీమలో దండయాత్రలు, కరువులు. ఇటు వైపు దున్నేవాళ్ల కోసం ఎదురుచూస్తున్న నల్లరేగడి. పైగా ఆ రోజుల్లోనే కొండవీటి సీమ కొన్నేళ్లు ఫ్రెంచివారి చేతుల్లోకి వచ్చింది. హైదరాబాదు సుబేదారు సలాబత్ జంగ్ దాన్ని 1752లో వాళ్లకిచ్చాడు. ఫ్రెంచి గురువుల చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందిన రైతులకు అది ఎంతో కొంత ధైర్యమిచ్చి ఉండాలి. తుమ్మవారు, గాలివారు అలా వచ్చిన ఇంటిపేర్లవాళ్లే. 2020 దాకా హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా ఉన్న తుమ్మ బాల, 1984 నుంచి 2016 దాకా గుంటూరు పీఠాధిపతిగా చేసిన గాలి బాలి ఆ ఇంటిపేర్లను మన కాలానికి తెచ్చినవాళ్లు.

వాళ్లు వెంట ఏం తెచ్చుకున్నారని అడిగితే పేర్లను చూపిస్తాను. రాయపరెడ్డి, చిన్నపరెడ్డి, ఇన్నయ్య, శౌరి. పేతురు, పౌలు, ఇగ్నేషియస్, జేవియర్‌లను తమిళ క్రైస్తవులు పిలుచుకున్న తీరు ఇది. మదురై మిషను నుంచి ఉపదేశుల వెంట ఈ పేర్లు తెలుగు ఇళ్లకు వచ్చి చేరాయి. గుంటూరు జిల్లాలో ఏ బడి హాజరుపట్టీలో ఈ పేర్లలో ఏది కనబడినా మూడు శతాబ్దాల ప్రయాణం దాని వెనక ఉంది.

ఇక్కడ ఒక చేదు విషయం దాచకుండా చెప్పాలి. నోబిలి దారి కులాన్ని కదిలించని దారి. జందెం, బొట్టు, స్నానం లాంటి ఆచారాలు కొన్నింటిని పదిహేనో గ్రెగరీ పోపు 1623లో అనుమతించాడు. శతాబ్దం తిరిగేసరికి అది పెద్ద గొడవైంది. పోపు దూతగా పాండిచ్చేరి వచ్చిన తుర్నోన్ 1704లో ఇచ్చిన ఆదేశాల్లో ఒకటి, జబ్బుపడ్డ అంటరాని కులాలవాళ్ల ఇళ్లకు గురువులు స్వయంగా వెళ్లి అవస్థ సంస్కారాలు ఇవ్వాలన్నది. జెస్విట్లు నలభై ఏళ్లు దాని మీద వాదులాడారు. 1744లో పద్నాలుగో బెనెడిక్ట్ పోపు వివాదాన్ని ముగించినప్పుడు, ఆ కులాల కోసం విడిగా గురువులను పెడతామన్నారు. విడిగా! సువార్త ఇంటి గడప దగ్గర కులం అడిగి లోపలికి వెళ్లిందన్నమాట. మా పెద్దల విశ్వాసం నాకు ఎంత గర్వకారణమో, ఆ విశ్వాసం పక్కన కులం అంత భద్రంగా కూర్చోవడం అంత బాధ.

ఆ తర్వాత జెస్విట్ సభే లేకుండా పోయింది. పోర్చుగల్ రాజ్యం 1759లో, ఫ్రాన్సు 1764లో వాళ్లను వెళ్లగొట్టాయి. 1773లో పద్నాలుగో క్లెమెంట్ పోపు ఆ సభనే రద్దు చేశాడు. యూరపు దర్బారుల్లో జరిగిన ఆ పని దెబ్బ కొండవీటి కింది పల్లెలకు తగిలింది. పాండిచ్చేరిలోని పారిస్ విదేశీ మిషను గురువులు బాధ్యత తీసుకున్నారు కానీ, దక్షిణాన హైదరలీ యుద్ధాలు, ఇక్కడ గుంటూరు సర్కారు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. అతను 1782లో చనిపోయాక 1788లో గానీ ఆ సర్కారు ఇంగ్లీషు కంపెనీ చేతికి రాలేదు. ఒకరిద్దరు గురువులు జిల్లాలకు జిల్లాలు తిరగాల్సిన రోజులవి.

గురువు లేని ఊళ్లో కతోలికుడిగా బతకడమంటే ఏమిటో ఇప్పటివాళ్లకు ఊహకు అందదు. పూజ లేదు, సత్ప్రసాదం లేదు, పాపసంకీర్తనం లేదు. ఉన్నదల్లా ఉపదేశి. ఆదివారం జనాన్ని కూడగట్టి ప్రార్థన చెప్పించేది, పిల్లలకు జ్ఞానోపదేశం వల్లె వేయించేది, చావు ఇంటికి వెళ్లి మట్టి చేసేదాకా నిలబడేది అతనే. అవసర సమయంలో ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చన్నది తిరుసభ నియమం. పురిట్లో ప్రాణం పోతున్న బిడ్డ నెత్తిన నీళ్లు పోసి పేరు పెట్టిన మంత్రసానులు ఈ సంఘానికి చేసిన సేవ ఏ జాబితాలోనూ ఉండదు. మా నాయనమ్మ అక్షరం ముక్క రాని మనిషి. సాయంత్రం దీపం పెట్టాక పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం తడుముకోకుండా చెప్పేది. ఆమెకు వాళ్ల అత్తగారు నేర్పింది. ఆ అత్తగారికి ఇంకెవరో. పుస్తకం లేని చోట, గురువు లేని చోట విశ్వాసం అత్తల నోటి నుంచి కోడళ్ల చెవికి చేరింది.

ఆ మీదట కరువు. 1832-33 నందన కరువు గుంటూరు జిల్లాను తుడిచిపెట్టింది. 5 లక్షల జనాభాలో లక్షన్నర నుంచి 2 లక్షల మంది దాకా పోయారని లెక్క. డొక్కల కరువని మా పెద్దలు చెప్పుకునేది అదే. మతం, కులం చూడకుండా ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. అయినా కతోలిక పల్లెలు మిగిలాయి. 1842లో అమెరికా నుంచి వచ్చిన లూథరన్ గురువు హేయర్ గుంటూరులో పని మొదలుపెట్టేనాటికి, ఈ జిల్లాలో క్రైస్తవులుగా మూడు నాలుగు తరాలు గడిపిన రైతులు ఉన్నారు.

ఆ కరువుకు పదేళ్ల ముందు, 1822లో, ఫిరంగిపురంలో ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు జ్ఞానమ్మ. ఈ ఊరి చరిత్రలో ఒక్క మనిషి గురించే రాయమంటే నేను ఆమె గురించే రాస్తాను. పెళ్లి చేసుకుని, ఇప్పటి తిరువళ్లూరు జిల్లాలో తెలుగు కతోలిక కుటుంబాలు స్థిరపడ్డ కీలచేరి అనే ఊరు చేరింది. ఐదుగురు కొడుకులు. భర్త పోయాడు. ఆ కాలపు రైతు కుటుంబంలో విధవరాలి బతుకు ఎలా ఉంటుందో మన తాతముత్తాతల ఇళ్లలో చూసినదే. మూల గది, తెల్ల చీర, ఎదురొస్తే అపశకునం. జ్ఞానమ్మ మూల గదిలో కూర్చోలేదు. 1863లో కీలచేరిలో ఆడపిల్లలకు బడి పెట్టింది. ఆడపిల్లకు చదువు చెప్పడమే తప్పనుకునే రోజులు. అందులోనూ ఒక విధవరాలు వీధిలోకి వచ్చి, ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పోగుచేసి కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించడం! ఆమె చుట్టూ చేరిన ఆడవాళ్లతోనే పునీత అన్నమ్మగారి కన్యస్త్రీల సభ ఏర్పడింది. 1874లో ఆమె కన్నుమూసింది. ఫిరంగిపురంలోని అన్నమ్మగారి సభ కూడా ఆమెనే తల్లిగా తలుస్తుంది. 2014లో తిరుసభ ఆమెకు దైవసేవకురాలనే గౌరవం ఇచ్చింది. పునీతుల వరుసలోకి చేర్చే దారిలో అది తొలిమెట్టు.

కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించింది 1874లో. జ్ఞానమ్మ పోయిన ఏడాది. పంతులుగారి గొప్పతనం నాకు తెలుసు, దాన్ని తగ్గించే ఉద్దేశం లేదు. కానీ తెలుగు స్త్రీల చదువు చరిత్ర రాసే పుస్తకాల్లో కొండవీటి కింద పుట్టిన ఈ రైతుబిడ్డకు ఒక్క పేరా కూడా ఎందుకు దక్కలేదు? తమిళదేశంలో బడి పెట్టింది కాబట్టా, కతోలికురాలు కాబట్టా, మగవాళ్ల సభల్లో ఉపన్యాసాలు ఇవ్వలేదు కాబట్టా? ఆమె ఊరివాణ్నిగా నేను అడగక తప్పదు.

జ్ఞానమ్మ పోయిన మరుసటి ఏడాది, 1875లో, మిల్‌హిల్ గురువులు వచ్చారు. హెర్బర్ట్ వాన్ 1866లో లండను పక్కన మిల్‌హిల్‌లో స్థాపించిన మిషనరీ సభ అది. అందులో హాలండు, జర్మనీ, టిరోల్ ప్రాంతాల యువకులు ఎక్కువ. మద్రాసు మిషను కింది తెలుగు జిల్లాలను వాళ్లకు అప్పగించారు. వాళ్లు వచ్చీ రాకముందే ధాత కరువు, 1876-78. ఒంగోలు వైపు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కరువు తీరాక 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది జ్ఞానస్నానం పొందారు. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు పల్లెల్లో మాల, మాదిగ పేటలు క్రైస్తవం వైపు కదిలిన కాలమది. మిల్‌హిల్ గురువులూ ఆ పేటలకు వెళ్లారు. తుర్నోన్ 1704లో అడిగింది ఈ నేల మీద నూట డెబ్బై ఏళ్ల తర్వాత జరగడం మొదలైంది.

ఫాదర్ డిక్‌మన్ గుడి తలపెట్టింది ఇలాంటి రోజుల్లో. 1886లో పదమూడో లియో పోపు భారతదేశంలో మేత్రాసనాల వ్యవస్థను స్థిరపరిచాడు. మద్రాసు అగ్రపీఠం మీద కోల్గన్ ఉన్నాడు. బెజవాడ నుంచి గుంటూరు, నరసరావుపేటల మీదుగా గుంతకల్లుకు మీటర్‌గేజి రైలు దారి పడుతున్నది దాదాపు అప్పుడే. ఊరి వాతావరణం మారిపోతోంది. పత్తి ధర తెలిసిన రైతు చేతిలో కొద్దో గొప్పో డబ్బు ఆడుతోంది. అయినా అంత పెద్ద గుడి కట్టడం మాటలు కాదు. సిమెంటు లేని కాలం. సున్నపు గానుగ తిరగాలి, ఎద్దుబళ్ల మీద రాయి, ఇటుక, ఇసుక చేరాలి, దూలాలకు కలప దూరం నుంచి రావాలి. నెలల తరబడి వందల చేతులు పనిచేయాలి. కట్టించిన గురువు పేరు పలకం మీద ఉంటుంది. గానుగ తోలినవాడి పేరు, తట్ట మోసిన ఆమె పేరు ఎక్కడా ఉండవు. రైతుల ధాన్యమూ, పేటల చెమటా కలిస్తేనే ఈ గోడ. ఇది మా రెడ్ల గుడి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కలిసి కట్టినా కలిసి కూర్చోవడానికి చాలాకాలం పట్టింది. దక్షిణాది కతోలిక పల్లెల్లో వేరువేరు వరుసలు, వేరువేరు సమాధుల దొడ్లు ఉండేవన్నది అందరికీ తెలిసిన సత్యం. ప్రభుత్వం కూడా ఇంకో రకంగా ఆ గీత గీసింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల జాబితా నుంచి తప్పించింది. మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సి కింద 1 శాతంలో పెట్టారు. గుడి బయట కులం వాళ్లను వదల్లేదు, రిజర్వేషను దగ్గర మాత్రం మతం అడ్డొచ్చింది. నా తరంలో పూజలో వరుసలు కలిశాయి, పాటల బృందంలో గొంతులు కలిశాయి. పెళ్లి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి ఇంకా కలవలేదు. విచారణ చరిత్ర రాసేటప్పుడు దీన్ని వదిలేస్తే మిగిలేది సగం చరిత్రే.

20వ శతాబ్దపు సంగతులు త్వరగా చెప్పుకోవచ్చు. వాటికి కాగితాలు ఉన్నాయి, చెప్పేవాళ్లూ ఉన్నారు. 1904లో హాలండు నుంచి జె.ఎం.జె. కన్యస్త్రీలు గుంటూరు వచ్చి బడులు, ఆసుపత్రి నడిపారు. 1928లో నెల్లూరు మేత్రాసనం, 1940లో అందులోంచి గుంటూరు మేత్రాసనం ఏర్పడ్డాయి. గుంటూరుకు తొలి పీఠాధిపతి తెలుగువాడు, ఈ జిల్లావాడే అయిన పోతకమూరి తోమాసు. రెండేళ్లకే బెంగళూరు పీఠాధిపతిగా వెళ్లి, 1953లో అక్కడ తొలి అగ్రపీఠాధిపతి అయ్యాడు. గురువు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన పల్లెలు పక్క రాష్ట్రానికి అగ్రపీఠాధిపతిని ఇచ్చాయి. రెండో వాటికన్ మహాసభ తర్వాత పూజ లాటిన్ నుంచి తెలుగులోకి వచ్చింది. ఈ మార్పు చూసిన పెద్దవాళ్లు ఊళ్లో ఇంకా కొందరు ఉన్నారు. అర్థం కాకపోయినా లాటిన్ పాటలు కంఠతా పాడినవాళ్లు వాళ్లు.

ఏడాదికి రెండుసార్లు ఊరు నిండుతుంది. డిసెంబరులో క్రిస్మస్‌కు, జూలై 16న కార్మెల్ మాత పండుగకు. జూలైలో కొండ మీది మాత గుడికి జనం మెట్లెక్కుతారు. దుక్కులు దున్ని, వాన కోసం మబ్బు వైపు చూసే రోజులు కాబట్టి మొక్కుల్లో సగం వాన కోసమే. హిందువులు వస్తారు, ముస్లింలూ వస్తారు. కొవ్వొత్తి వెలిగించేవాళ్లు, కొబ్బరికాయ తెచ్చేవాళ్లు, తలనీలాలు ఇచ్చేవాళ్లు. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ కట్టే కుటుంబాలవాళ్లే మాత తేరు చూడటానికీ వస్తారు. ఈ సీమ జనానికి అందులో విడ్డూరం ఏమీ కనిపించదు.

మా విచారణల్లో నూరేళ్లు దాటిన జ్ఞానస్నాన పుస్తకాలు, వివాహ పుస్తకాలు, మరణ పుస్తకాలు ఉన్నాయి. ప్రతి పేరు పక్కన తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, తేదీ రాయడం తిరుసభ నియమం. తాళపత్రాలు, తామ్రశాసనాలు లేని ఇళ్ల చరిత్ర, ముఖ్యంగా పేటల చరిత్ర, అంత వివరంగా ఇంకెక్కడా దొరకదు. కానీ వానాకాలపు చెమ్మ, చెదలు ఆ పుటలను తింటున్నాయి. వాటిని కెమెరాతో పుట పుటా తీయించి, గుంటూరులో ఒక ప్రతి, ఊళ్లో ఒక ప్రతి ఉంచాలని విచారణ పెద్దల ముందు పెట్టాను. గుడి సున్నాలకు, రంగులకు చందాలు వేసుకునే మనం ఈ పనికీ వేసుకోగలం. ఇళ్లలో పాత జపాల పుస్తకాలు, పెళ్లి కాగితాలు, ఉపదేశిగా చేసిన తాతల రాతలు ఉన్నవాళ్లు అటకల మీద నుంచి దించి చూపించండి. తుమ్మవారి ఇళ్ల నుంచి ఎంత కావాలో, పేటల్లోని ఇళ్ల నుంచి అంతకంటే ఎక్కువ కావాలి. మిరపకోతలు మొదలయ్యే లోపు పాటిబండ్ల, రావిపాడు విచారణలతో కూడా మాట్లాడాలని అనుకుంటున్నాను.